ఎదుగుదలకు పగ్గం



పుట్టిన ఎలుక పిల్ల కళ్లు తెరవాలంటే దాదాపు రెండు వారాలు పడుతుంది. 1950ల చివర్లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రయోగశాలలో కొన్ని పిల్లలు వారం తిరిగేసరికే కళ్లు విప్పేశాయి. పళ్లు కూడా తొందరగానే మొలిచాయి. వాటికి ఎక్కించింది మగ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసం. ఎక్కించినాయన స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త. నోట్లో పైపు, తీరిక దొరికితే చేతిలో ఫ్లూటు, ఇదీ ఆయన వాలకం. అసలు ఆయన వెతుకుతున్నది ఇది కాదు. రీటా లెవీ మాంటల్చినీతో కలిసి, నరాలను పెంచే ఒక ప్రొటీన్ కోసం గాలిస్తున్నారు. ఎలుకల కళ్ల సంగతి మధ్యలో తగిలిన వింత. ఇంకొకరైతే రసంలో ఏదో కల్తీ ఉందని పారబోసేవారు. కోహెన్ మాత్రం ఆ కల్తీ ఏమిటో తేల్చుకోవాలనుకున్నారు.

1962లో దాన్ని విడదీసి లోకానికి చూపించారు. తర్వాత తేలినదేమిటంటే, అది 53 అమైనో ఆమ్లాలతో అల్లుకున్న చిన్న ప్రొటీన్. చర్మం లాంటి పొరల్లోని కణాలను విభజించుకోమని, పెరగమని ప్రోత్సహిస్తుంది. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. పొట్టిగా ఈజీఎఫ్. తెలుగులో వృద్ధి కారకం అనుకోవచ్చు. నరాల ప్రొటీన్‌కీ, ఈ కళ్ల ప్రొటీన్‌కీ కలిపి 1986లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకూ పెరుగుదల కథ. ఈ ప్రసంగం అసలు విషయం పెరుగుదల కాదు, దాన్ని ఆపడం. శరీరంలో గాయం మానాలన్నా, రోజూ రాలిపోయే పేగు పొర మళ్లీ పుట్టాలన్నా కణాలు పెరగాల్సిందే. అయితే పని పూర్తయ్యాక ఆగాలి కూడా. ఆ ఆపే పని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది. దొరికిన తీరు కూడా విచిత్రమే. ఆపేవాణ్ణి మొదట నేరస్థుల జాబితాలో రాసుకున్నారు.

ముందు కణం పైపొర దగ్గరికి వెళ్దాం. ఈజీఎఫ్ కణం లోపలికి వెళ్లి కబురు చెప్పదు. కణం పైపొరలో ఒక ప్రొటీన్ గుచ్చుకుని ఉంటుంది. సగం బయటికి, సగం లోపలికి. అదే దాని గ్రాహకం, డాక్టర్ల మాటలో రిసెప్టర్. ఈజీఎఫ్ వచ్చి బయటి భాగాన్ని పట్టుకోగానే రెండు రిసెప్టర్లు జతకడతాయి. వాటి లోపలి తోకల మీద ఫాస్ఫేట్లు అంటుకుంటాయి. అక్కడి నుంచి కబురు ఒక ప్రొటీన్ నుంచి ఇంకో ప్రొటీన్‌కి అందుతూ కేంద్రకం దాకా పోతుంది. కణం విభజనకు సిద్ధమవుతుంది. కాలింగ్ బెల్ బటన్ నొక్కినట్టన్నమాట. అయితే ఆ బటన్ లోపలికి ఇరుక్కుపోతే? వచ్చిన మనిషి వెళ్లిపోయినా బెల్ మోగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి ఆ బటన్‌ని గోడ నుంచి ఊడదీయాలి.

కణం కచ్చితంగా ఆ పనే చేస్తుంది. 1976లో గ్రాహమ్ కార్పెంటర్, కోహెన్ కలిసి రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన ఈజీఎఫ్‌ని మనిషి కణాల మీద వేసి చూశారు. కణాలు దాన్ని పట్టుకున్నాయి, చూస్తుండగానే లోపలికి మింగాయి, ముక్కలు చేసి బయటికి వదిలాయి. కబురు అందుకున్న రిసెప్టర్‌ని కూడా కణం పైపొర నుంచి లోపలికి లాగేస్తుందని క్రమంగా రుజువైంది. కాబట్టి తీసేసే ఏర్పాటు ఉందని డెబ్భైల నాటికే తెలుసు. ఏ రిసెప్టర్‌ని తీయాలి, ఎప్పుడు తీయాలి అని నిర్ణయించేది ఏదన్నది మాత్రం తెలియదు.

ఆ ప్రశ్న వెనకబడటానికి కారణం ఉంది. 1984లో లండన్‌లో మైకేల్ వాటర్‌ఫీల్డ్ బృందం ఈజీఎఫ్ రిసెప్టర్ ముక్కల వరుసను చదివింది. కోళ్లకు రక్త క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌లోని జన్యువుతో అది సరిపోయింది. వైరస్ దగ్గర ఉన్నది బయటి భాగం తెగిపోయిన రిసెప్టర్. ఈజీఎఫ్ రాకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. దాంతో శాస్త్రలోకం దృష్టంతా రిసెప్టర్ మీదికి మళ్లింది. మామూలు కణం మీద ఈ రిసెప్టర్లు వేలల్లో, మహా అయితే లక్షలోపు ఉంటాయి. ప్రయోగశాలల్లో పెంచే ఏ-431 అనే క్యాన్సర్ కణాల మీద ఇరవై లక్షలకు పైనే ఉంటాయి. లెక్క చూస్తేనే గుండె గుభేలుమంటుంది. రిసెప్టర్ ఎక్కువైతే క్యాన్సర్, రిసెప్టర్ మారితే క్యాన్సర్, కాబట్టి దాన్ని మూసే మందు కావాలి. ఈ ఆలోచనతోనే రెండు దశాబ్దాలు నడిచాయి. మందులూ వచ్చాయి. వాటి సంగతి తర్వాత.

ఆపేవాడి జాడ కోసం ఇప్పుడు కాలిఫోర్నియాలోని కసిటాస్ సరస్సు ప్రాంతానికి వెళ్దాం. డెబ్భైల్లో ముర్రే గార్డ్‌నర్ అనే వైద్యుడి బృందం అక్కడి అడవి ఎలుకల్ని పట్టి పరీక్షించింది. కొన్నిటికి కాళ్లు పడిపోయాయి, కొన్నిటికి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. కారణం ఒక వైరస్. ఆ వైరస్ సంతతి మీద పనిచేస్తూ 1989లో వాలెస్ లాంగ్డన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లోని సహచరులతో కలిసి ఒక కొత్త క్యాన్సర్ జన్యువును గుర్తించారు. వైరస్ దాన్ని ఎలుక నుంచే ఎత్తుకుపోయింది. సరస్సు పేరు కలిసొచ్చేలా దానికి సీబీఎల్ అని పేరు పెట్టారు. ఆ పేరులో సరస్సు ఉంది, లింఫోమా ఉంది. ఆపే గుణం గురించి ఒక్క అక్షరమూ లేదు. జాబితాలో నేరస్థుడిగానే ఎక్కింది.

అది నేరస్థుడు కాదని మొదట చెప్పింది ఒక పురుగు. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే ఈ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. మట్టిలో బతుకుతుంది. గుడ్లు బయటికి రావడానికి దాని పొట్ట కింద ఒక ద్వారం ఏర్పడాలి. ఆ ద్వారం కట్టమని కణాలకు కబురు పంపేది మన ఈజీఎఫ్ లాంటి ప్రొటీనే. అందుకునేది లెట్-23 అనే రిసెప్టర్. లెట్-23 బలహీనపడితే ద్వారం ఏర్పడదు. అప్పుడు గుడ్లు తల్లి ఒంట్లోనే పొదుగుతాయి, పిల్లలు తల్లిని లోపలి నుంచే తినేస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే తల్లి చర్మం ఒక సంచిలా మిగిలి, అందులో పిల్లలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి.

కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో పాల్ స్టెర్న్‌బర్గ్ బృందం ఇలాంటి బలహీన పురుగుల్లో ఇంకో జన్యువు కూడా పాడైతే ఏమవుతుందో చూసింది. ఒక జన్యువు విషయంలో తమాషా జరిగింది. అది పాడైన పురుగుల్లో ద్వారం మళ్లీ ఏర్పడింది, గుడ్లు బయటికి వచ్చాయి. రెండు లోపాలు కలిస్తే ఆరోగ్యం వచ్చిందంటే అర్థమేమిటి? ఆ రెండో జన్యువు రోజూ చేసే పని రిసెప్టర్‌ని అణచడమే అయి ఉండాలి. అణచేది పోయేసరికి, ఉన్న కాస్త కబురే సరిపోయింది. ఆ జన్యువు పేరు స్లి-1. 1995లో దాని వరుస చదివి చూస్తే, అది కసిటాస్ సరస్సు ఎలుకల సీబీఎల్‌కి దగ్గరి చుట్టం.

పురుగులో పగ్గం వేసే జన్యువు ఎలుకలో క్యాన్సర్ ఎలా తెస్తుంది? చిక్కుముడి ఇక్కడుంది. మనిషిలో సీబీఎల్ ప్రొటీన్ పొడవు 906 అమైనో ఆమ్లాలు. వైరస్ ఎత్తుకుపోయింది మొదటి 355 మాత్రమే. మిగిలినదంతా తెగిపోయింది. ఆ తెగిన భాగంలోనే అసలు పనిముట్టు ఉందని 1998, 1999 సంవత్సరాల్లో తేలింది. ఇజ్రాయెల్‌లోని రెహోవోత్ పట్టణంలో, వైజ్‌మాన్ సంస్థలో యోసెఫ్ యార్డెన్ బృందం చేసిన ప్రయోగాలు ఇందులో ముఖ్యమైనవి. అమెరికాలో టోనీ హంటర్, క్లాడియో జొవాజేరో తదితరులు అదే సమయంలో అదే చోటికి ఇంకో దారిన చేరారు.

ఇదీ ఆ యంత్రాంగం. ఈజీఎఫ్ పట్టుకున్న రిసెప్టర్ తోక మీద ఫాస్ఫేట్లు అంటుకుంటాయని చెప్పుకున్నాం కదా. వాటిలో 1045వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద అంటుకునే ఫాస్ఫేట్‌ని సీబీఎల్ గుర్తుపడుతుంది. ముందు భాగంతో అక్కడ అతుక్కుంటుంది. తర్వాతి భాగంలో రింగ్ అనే పనిముట్టు ఉంది. దాంతో రిసెప్టర్‌కి యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్‌ని తగిలిస్తుంది. యుబిక్విటిన్ తగిలించుకున్న రిసెప్టర్‌ని కణం మళ్లీ పైకి పంపదు. లైసోజోమ్‌లోకి తోసేస్తుంది. అక్కడి ఆమ్లంలో, ఎంజైముల మధ్య అది ముక్కలవుతుంది. యుబిక్విటిన్ వ్యవస్థను కనిపెట్టిన ఆరన్ సీఖనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

గమనించండి, కబురు అందుకున్నానని చెప్పే గుర్తే తన అంతానికి పిలుపు కూడా. పెరగమన్న ఆజ్ఞలోనే ఆగమన్న ఆజ్ఞ దాగి ఉంది. ఇంత పొందికైన ఏర్పాటును ఏ ఇంజనీరైనా మెచ్చుకుంటాడు.

వైరస్ చేసిన మోసం ఇప్పుడు తేటతెల్లం. దాని పొట్టి సీబీఎల్ రిసెప్టర్‌ని పట్టుకోగలదు కానీ యుబిక్విటిన్ తగిలించలేదు. పైగా అసలు సీబీఎల్ కూర్చోవలసిన చోటును ఆక్రమించి అడ్డంగా కూర్చుంటుంది. తను పని చేయదు, చేసేవాణ్ణి చేయనివ్వదు. మనకు తెలిసిన కొన్ని ఆఫీసుల్లో ఇలాంటి వాళ్లు కనిపించడం యాదృచ్ఛికమే.

సీబీఎల్ ఒక్కటే ఈ పని చూడదు. స్వీడన్ ఉత్తర భాగంలో ఉమెయో అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. అక్కడ హోకాన్ హెడ్‌మాన్, సహచరులు 2001లో ఎల్రిగ్-1 అనే మానవ జన్యువు వివరాలు వెలువరించారు. మూడో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంటుంది. చాలా కణుతుల్లో ఊడిపోయే ప్రాంతం అదే. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కూడా కణం పైపొరలోనే, ఈజీఎఫ్ రిసెప్టర్ పక్కనే నిలబడుతుంది. 2004లో రెండు బృందాలు విడివిడిగా చూపించిందేమిటంటే, ఎల్రిగ్-1 రిసెప్టర్‌ని పట్టుకుని సీబీఎల్‌ని దగ్గరికి రప్పిస్తుంది. రిసెప్టర్ త్వరగా కరిగిపోతుంది. ఇంకో విశేషం, ఈజీఎఫ్ తగిలిన కణంలో ఎల్రిగ్-1 తయారీ పెరుగుతుంది. కబురు ఎంత గట్టిగా వస్తే పగ్గం అంత బిగుస్తుంది.

జపాన్‌లో ఈ జన్యువు తీసేసిన ఎలుకలకు చర్మం సోరియాసిస్‌లా మందమై పొలుసులు కట్టింది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కాఫీ బృందం 2012లో ఇంకో సంగతి చెప్పింది. ఎల్రిగ్-1 లేని ఎలుకలకు కొన్ని నెలల్లోనే చిన్నపేగు మొదటి భాగంలో కణుతులు వచ్చాయి. వాండర్‌బిల్ట్ అంటే, సెయింట్ లూయిస్ వదిలాక కోహెన్ జీవితమంతా పనిచేసిన చోటే. మెదడు కణుతి గ్లయోబ్లాస్టోమా మీద ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో, ఎల్రిగ్-1 బయటి భాగాన్ని విడిగా అందించినా కణుతి ఎదుగుదల మందగించింది. పత్రికల్లో 'క్యాన్సర్‌ని నెమ్మదింపజేసే జన్యువు' అని శీర్షికలు వచ్చేది ఇలాంటి ఫలితాల వల్లే.

కానీ శీర్షిక దగ్గరే ఆగిపోకూడదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఇదే జన్యువు తికమక పెట్టింది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న అమెరికన్ రోగుల్లో ఎల్రిగ్-1 ఎక్కువున్నవారు ఎక్కువ కాలం బతికారు. చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ వచ్చిన స్వీడన్ రోగుల్లో సరిగ్గా తిరగబడింది, ఎక్కువున్నవారికే కీడు జరిగింది. ఒక ప్రొటీన్ మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా, ఏ కణుతిలో, ఏ దశలో, ఏ రోగిలో అని అడగడం మేలు.

తీసేసే ఏర్పాటు చెడితే మనుషులకు ఏమవుతుందో రెండు జబ్బులు చూపిస్తాయి.

మొదటిది పసిపిల్లలది. జువెనైల్ మైలోమోనోసైటిక్ లుకేమియా అనే అరుదైన రక్త క్యాన్సర్. పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుంది. ప్లీహం ఉబ్బి పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది, జ్వరాలు, పాలిపోవడం. ఈ పిల్లల్లో వందకు పది, పదిహేను మందిలో లోపం సీబీఎల్‌లో ఉందని 2009 తర్వాత తేలింది. తల్లి నుంచో తండ్రి నుంచో, లేదా కొత్తగానో ఒక ప్రతి పాడై పుడుతుంది. రక్త కణాల్లో మిగిలిన మంచి ప్రతి కూడా చెరిగిపోయి, దాని స్థానంలో చెడ్డదాని నకలే వచ్చి చేరుతుంది. ఇంతవరకూ భయపెట్టే కథే. అయితే ఈ సీబీఎల్ పిల్లల్లో కొందరికి, మూలకణ మార్పిడి చేయకుండానే, జబ్బు దానంతట అదే తగ్గిపోయింది. అందుకే ఈ రకం అని పరీక్షలో తేలితే వైద్యులు చాలాసార్లు తొందరపడకుండా, కనిపెట్టుకుని చూస్తారు. జన్యువు పేరు తెలియడం వల్ల ఒక పసిబిడ్డకు కఠినమైన చికిత్స తప్పవచ్చు. ప్రయోగశాల పురుగు నుంచి ఆసుపత్రి మంచం దాకా ఇంతకన్నా సూటి ప్రయోజనం ఏముంటుంది?

రెండోది పెద్ద వయసువారిది. మెట్ అనే ఇంకో రిసెప్టర్ ఉంది. దాని తోకలో 1003వ స్థానంలోని టైరోసిన్‌ని సీబీఎల్ పట్టుకోవాలి. ఆ స్థానం ఉండేది మెట్ జన్యువులోని పద్నాలుగో ఎక్సాన్‌లో. అది 47 అమైనో ఆమ్లాల ముక్క. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈ ముక్క మొత్తం ఎగిరిపోతుంది. రిసెప్టర్ మిగతా అంతా సలక్షణంగానే ఉంటుంది. సీబీఎల్ కూడా ఆరోగ్యంగానే ఉంటుంది. పట్టుకోవడానికి చోటే ఉండదు. రిసెప్టర్ కదలకుండా పైనే ఉండి కబుర్లు పంపుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల నాన్ స్మాల్ సెల్ క్యాన్సర్ రోగుల్లో వందకు ముగ్గురు నలుగురిలో ఇది కనిపిస్తుంది. వీరి కోసమే కాప్మాటినిబ్ అనే మాత్రకు 2020 మే నెలలో అమెరికా అనుమతినిచ్చింది. మరుసటి ఏడాది టెపోటినిబ్‌కి ఇచ్చింది.

ఇక మందుల మాట. ఈజీఎఫ్ రిసెప్టర్‌ని లోపలి వైపు నుంచి మూసే జెఫిటినిబ్ 2003లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఆ రిసెప్టర్‌లో ప్రత్యేకమైన మార్పులున్నవారికే ఇది బాగా పనిచేస్తుందని మరుసటి ఏడాది తెలిసింది. ఆ మార్పులు ఆసియా వాసుల్లో, అందులోనూ పొగ తాగని వారిలో, ఆడవారిలో ఎక్కువ. మన దేశంలో ఊపిరితిత్తుల ఎడినోకార్సినోమా రోగుల్లో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు మందిలో కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని నాట్కో కంపెనీ జెఫిటినిబ్‌ని జెఫ్టినాట్ పేరుతో తయారుచేస్తోంది. మన రోగులు ఎక్కువగా మింగేది ఇలాంటి జెనెరిక్ మాత్రలే.

రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ 1998లో వచ్చింది. అది పట్టుకునే హెర్-2 రిసెప్టర్ మామూలుగా సీబీఎల్‌కి అంత తేలిగ్గా చిక్కదు. అందుకే కణం పైపొర మీద ఎక్కువసేపు నిలుస్తుంది. ట్రాస్టుజుమాబ్ తగిలితే సీబీఎల్ హెర్-2 దగ్గరికి చేరుతుందని యార్డెన్ బృందం చూపింది. మందు పనిచేయడానికి ఇదొక్కటే కారణం కాదు, కారణాల్లో ఇదొకటి. కణం సొంత పనిముట్టుతోనే చెడ్డ ప్రొటీన్‌ని తీసివేయించాలన్న ఆలోచన ప్రొటాక్ అనే కొత్త రకం మందులకూ మూలం. రేమండ్ డెషయీస్, క్రెయిగ్ క్రూస్ బృందాలు 2001లో దానికి తొలి నమూనా చూపాయి. ఈ కొత్త రకం మందులన్నీ రోగి దాకా రావడానికి సమయం పడుతుంది.

ఒక హెచ్చరిక. ఎల్రిగ్-1ని గానీ సీబీఎల్‌ని గానీ పెంచే మాత్ర, చూర్ణం, కషాయం ఇవాళ బజారులో లేవు. ఫోన్‌కి వచ్చే వీడియోలో ఎవరైనా 'క్యాన్సర్ జన్యువును ఆపే పొడి' అని అమ్మజూపితే, అది మీ జేబు కోసం వచ్చిందని తెలుసుకోండి.

మీ ఇంట్లోగానీ, బంధువుల్లోగానీ ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలితే, ఈజీఎఫ్ రిసెప్టర్, మెట్ లాంటి జన్యు పరీక్షలు వారికి వర్తిస్తాయా అని డాక్టర్‌ని తప్పక అడగండి. పరీక్షకు కావలసింది బయాప్సీలో తీసిన ముక్క. దాన్ని మైనంలో పొదిగి, వేలి గోరంత నుంచి అగ్గిపెట్టెలో పట్టేంత ఉండే దిమ్మగా ల్యాబ్‌లో దాచిపెడతారు. పారాఫిన్ బ్లాక్ అంటారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలతో పాటు ఆ బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. సంతకం పెడితే ఇస్తారు. ఎండలో, వేడిలో పెట్టకండి, మైనం కరుగుతుంది. బ్లాకులో మిగిలిన ముక్క సరిపోతే మళ్లీ సూది గుచ్చి బయాప్సీ చేయవలసిన బాధ రోగికి తప్పుతుంది.